బిజినెస్ స్కూలును ఎంచుకునే ముందు ఉద్యోగాల రిపోర్టు చదవండి

కంపెనీ తరఫున క్యాంపస్ ఇంటర్వ్యూలు చేసే పని నాది. విదేశంలో మేనేజ్‌మెంట్ మాస్టర్స్ చేద్దామని ఎవరు సలహా అడిగినా, బ్రోషర్ పక్కన పెట్టి ముందు ఎంప్లాయ్‌మెంట్ రిపోర్టు, అంటే చదువు ముగించినవాళ్లలో ఎందరికి, ఎక్కడ, ఎంత జీతానికి ఉద్యోగాలొచ్చాయో స్కూలు చెప్పే లెక్క, తెప్పించుకోమంటాను. అడిగినా పంపని స్కూలును నేనైతే జాబితాలోంచి తీసేస్తాను.

రిపోర్టులో ఉద్యోగాలొచ్చినవాళ్లంటూ పెద్ద అక్షరాల్లో వేసే శాతం కన్నా కింది చిన్న అక్షరాలు ముఖ్యం. బ్యాచ్‌లో 200 మంది ఉన్నారనుకోండి. 120 మందినే 'ఉద్యోగం వెతుకుతున్నవారు'గా లెక్కలోకి తీసుకున్నారు, 108 మందికి ఉద్యోగం వచ్చింది. స్కూలు 90 శాతం అని వేస్తుంది. మరి ఆ 80 మంది? పాత కంపెనీయే ఫీజు కట్టి పంపినవాళ్లు, సొంత వ్యాపారం పెట్టినవాళ్లు అయితే పక్కన పెట్టడం న్యాయమే. సమాచారం ఇవ్వనివాళ్లే ఎక్కువుంటే ఆ శాతాన్ని నమ్మకండి. వీసా స్పాన్సర్‌షిప్ (అక్కడ పని చేయడానికి కంపెనీయే వీసా ఇప్పించడం) అవసరమైన విద్యార్థుల లెక్క విడిగా అడగండి, మీకు పనికొచ్చేది అదే. కంపెనీల లోగోలు చూసి పొంగిపోవద్దు. మేం ఒక్కరిని తీసుకున్న చోట కూడా మా లోగో కనిపిస్తుంది. ఏ కంపెనీ ఎంతమందిని, ఏ ఉద్యోగానికి తీసుకుందో అడగాలి.

జీతాల్లో సగటు వద్దు, మీడియన్ (జీతాలన్నీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) చూడండి. ఇద్దరు ముగ్గురి భారీ జీతాలు చాలు, సగటు పైకి పోతుంది. ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక ఇచ్చే బిజినెస్ స్కూళ్ల ర్యాంకింగ్‌లో కనిపించే జీతం చదువు ముగిసి మూడేళ్లయినవాళ్లది, పైగా దేశాల మధ్య ధరల తేడాను బట్టి సర్దిన అంకె. మొదటి నెల మీ ఖాతాలో పడేది అది కాదు. ఆ అంకెను నమ్మి లోన్ వాయిదాలు లెక్కేసుకోకండి.

బిజినెస్ చదువుల నాణ్యతకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపుల్లో ఏఏసీఎస్‌బీ (AACSB), ఈక్విస్ (EQUIS) స్కూలుకు ఇస్తారు. ఆంబా (AMBA) గుర్తింపు కోర్సులకు. అది ఎంబీఏకే ఉందో, మీరు చేరే మాస్టర్స్‌కూ ఉందో చూసుకోండి.

పని అనుభవం లేనివాళ్లకు ఎంబీఏ కన్నా మాస్టర్స్ ఇన్ మేనేజ్‌మెంట్ నప్పుతుంది. రంగం మారాలనుకునేవాళ్లకు ఇంటర్న్‌షిప్ చాలా అవసరం. ఉదాహరణకు, ఫ్రాన్స్‌లోని ఇన్సియాడ్ (INSEAD) బిజినెస్ స్కూలు ఎంబీఏ 10 నెలల్లో అయిపోతుంది, అందులో వేసవి ఇంటర్న్‌షిప్‌కు వీలు దొరికేది జనవరిలో చేరేవాళ్లకు. ఇలాంటివి దరఖాస్తుకు ముందే తేల్చుకోవాలి.

చివరగా, నిరుడు చదువు పూర్తి చేసినవాళ్లను లింక్డ్‌ఇన్‌లో మీరే వెతికి పలకరించండి. స్కూలు పరిచయం చేసేవాళ్లు ఎటూ మంచే చెబుతారు. ఒక్క ప్రశ్న తప్పక అడగండి: మీ ఉద్యోగం క్యాంపస్‌లో వచ్చిందా, సొంతంగా వెతుక్కున్నారా?