మూడో పాఠం: చుట్టూ నిలబడ్డ పిల్లలకు ఏం నేర్పాలి?

పోయిన పాఠంలో మామూలు గొడవకీ బుల్లీయింగ్‌కీ తేడా చూశాం. కావాలని చేయడం, పదే పదే చేయడం, ఎదుటి బిడ్డ తిరగబడలేని స్థితిలో ఉండటం. 1970లలో మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ మొదలుపెట్టిన పరిశోధనల నుంచి వచ్చిన బుల్లీయింగ్ గుర్తులివి. ఈసారి ఏడిపించేవాళ్లనూ ఏడ్చేవాళ్లనూ కాసేపు పక్కన పెడదాం.

ఆటవిడుపులో ఒక పాప పెన్సిల్ డబ్బా చేతులు మారుతోంది. పాప ఒకడి దగ్గరికి పరిగెత్తేసరికి అది ఇంకొకడి చేతిలో ఉంటోంది. లాక్కున్నది ఒక్కడే. అందుకుని విసిరింది ఇద్దరు, పగలబడి నవ్వింది నలుగురు. మరో ఇద్దరు నవ్వలేదు, అలాగని కదలనూ లేదు. నాకు ఆ ఇద్దరి మీదే ఆశ.

కెనడాలో బడి ఆటస్థలాలను వీడియో తీసి గమనించిన పరిశోధకులు 2001లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 19 సందర్భాల్లోనే తోటి పిల్లలు కల్పించుకున్నారు. కల్పించుకున్నప్పుడు మాత్రం, సగానికి పైగా సార్లు 10 సెకన్లలోపే ఏడిపించడం ఆగిపోయింది! మిగతా పిల్లలకు జాలి లేదని నేననుకోను. ఆ క్షణంలో ఏమనాలో వాళ్లకు తోచదు. కాబట్టి మాట మనమే అందించాలి.

"వాడికి ఎదురు తిరుగు" అని మాత్రం చెప్పకండి, ఏడేళ్ల బిడ్డకు అది మోయలేని బరువు. పాప దగ్గరికి వెళ్లి "రా, మనం అటు పోదాం" అంటే చాలు. ఇంట్లో నిజంగానే ఒక డబ్బా పట్టుకుని ఆడించండి. మీరు విసరండి, బిడ్డ వచ్చి ఆ మాట అనాలి. మొదటిసారి గొణుగుతారు, నేల చూస్తారు. తొందరపెట్టకుండా మళ్లీ ఆడించండి, గొంతు పెగులుతుంది.

భయమేస్తే అక్కడ ఏమీ అనక్కర్లేదు, నేరుగా టీచర్ దగ్గరికి వెళ్లొచ్చు. "అది చాడీ కదా?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఒకరిని తిట్టించాలని చెప్పేది చాడీ, ఒకరిని కాపాడాలని చెప్పేది సాయం అడగడం. ఈ తేడా పెద్దలకూ గుర్తుండాలి. చెప్పడానికి వచ్చిన బిడ్డను "నీకెందుకు?" అని ఒక్కసారి కసిరితే, మళ్లీ మన దగ్గరికి రావడం కష్టం.

ఈ వారం అభ్యాసం: పడుకునే ముందు "ఇవాళ ఎవరైనా ఒంటరిగా కూర్చున్నారా?" అని అడగండి. పేరు చెబితే, రేపు ఆ బిడ్డను ఆటకు ఏమని పిలవాలో ఇద్దరూ కలిసి అనుకోండి.

వచ్చే పాఠం: ఏడిపిస్తున్నది మన బిడ్డే అని తెలిసినప్పుడు.