తత్వశాస్త్రంలోకి ఒక వేమన పద్యం దారిగా

తత్వశాస్త్రం చదవాలని పూనుకున్నవారిలో చాలామంది చరిత్ర గ్రంథం మొదటి పుట తెరిచి, పేర్లూ సంవత్సరాలూ వల్లెవేసి, పది రోజులకే పుస్తకం అటకెక్కిస్తారు. అంతకంటే, తెలిసిన పద్యాన్ని ప్రశ్నగా మార్చుకుని, ఆ ప్రశ్నతో తలపడినవారి దగ్గరికి వెళ్లడం మేలు. కడపవారికి ఇది మరీ సులువు. వేమన పద్యాలను 1829లో ఆంగ్లానువాదంతో అచ్చువేయించిన బ్రౌన్ పేరిట ఊళ్లోనే గ్రంథాలయం ఉంది.

"చిత్తశుద్ధి లేని శివపూజలేలరా" అన్న పాదాన్నే తీసుకోండి. మొదట దాని వాదాన్ని సొంత వచనంలో రాయండి: మనసు శుభ్రంగా లేనివాడు చేసిన పనికి విలువ లేదు. రాయగానే, లయలో కొట్టుకుపోయిన అనుమానం పైకి తేలుతుంది. గిన్నె మురికిదైతే వంట చెడుతుంది, నిజమే. మనసు మురికిదైతే పని కూడా అలాగే చెడుతుందా?

ఇప్పుడు దానిని వీధిలోకి తెచ్చి పరీక్షించాలి. ఏప్రిల్ ఎండలో ఒక చలివేంద్రాన్ని ఊహించుకోండి: ఇసుక మీద రెండు కుండలు, వాటికి తడిగుడ్డ, గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు, కుండలకంటే పెద్దదైన నాయకుని ఫ్లెక్సీ. ఓట్ల కోసం పోసిన నీళ్లకు దాహం తీరదా?

ఈ ప్రశ్న చేతిలో ఉన్నప్పుడే జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో రాసిన నీతి గ్రంథపు మొదటి భాగం చదవండి. గిరాకీ పోతుందన్న భయంతో పిల్లవాడికి కూడా సరైన ధరకే అమ్మే దుకాణదారుని పనిలో నైతిక విలువ లేదని ఆయన అంటాడు. మునిగిపోతున్నవాడిని కాపాడినవాడు బహుమతి ఆశించినా చేసింది మంచి పనేనని 1861లో ఆంగ్ల తత్వవేత్త మిల్ అన్నాడు. పనికి పురికొల్పిన ప్రేరణ మనిషి యోగ్యతను తేలుస్తుందే తప్ప పని మంచిచెడ్డలను కాదని ఆయన వాదం. సారాంశ పుస్తకాలు వీరిద్దరినీ కోడిపుంజుల్లా ఎదురెదురుగా నిలబెడతాయి కనుక, నాలుగు పుటలైనా సరే, మూలాన్నో దాని అనువాదాన్నో చదవడమే మంచిది.

అక్కడినుంచి వేమన దగ్గరికి తిరిగి రండి. పూజలో దాహం తీరే మూడో మనిషి లేడు. అందువల్ల అక్కడ చిత్తమే సర్వస్వమని, చలివేంద్రం దగ్గర అలా కాదని మీకు తోచవచ్చు. అలా తోచిన వెంటనే ఎదుటి పక్షం తరఫున ఒక పుట రాయండి. నా మటుకు, ఈ పుటే అన్నిటికంటే కష్టం. ఎన్నికలు ముగిసిన మరుసటి వేసవిలో ఆ కుండలు అక్కడ ఉంటాయా అన్న ప్రశ్నతో దానిని మొదలుపెట్టవచ్చు.