పూత మీద బేరం: ఐస్ హాకీ కుర్రాళ్లకి మార్కులు వేసే పద్ధతి

కుర్రాడికి ఒక మార్కు వేయకండి, రెండు వేయండి. ఎంత పైకి వెళ్లగలడన్నది ఒకటి. అక్కడిదాకా వెళ్తాడన్న నమ్మకం మీకెంత ఉందన్నది రెండోది. ఈ రెంటినీ కలిపేసి "వీడు పెద్ద స్టార్ అయిపోతాడు" అనేవాళ్లు కెనడాలో మా బ్రాంప్టన్ మంచు రింకులో నా ముందు వరసలోనూ ఉంటారు, వెనక వరసలోనూ ఉంటారు. మాది నూజివీడు. మా మేనమామ పూత మీద మామిడితోటలు కొనేవాడు. పూత ఎంతుందో చూసి ఒక లెక్క వేసేవాడు. గాలికీ మంచుకీ పురుగుకీ పోగా నిలిచేదెంతో ఇంకో లెక్క. రెండోది వేశాకే నోరు విప్పి ధర చెప్పేవాడు. పదిహేడేళ్ల హాకీ పిల్లల్ని చూడ్డానికి నాకు ఆ బుర్రే పనికొచ్చింది.

ఇది ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు, మంచు మీది హాకీ. ఉత్తర అమెరికాలోని పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు. ఏటా డ్రాఫ్ట్ పెట్టి, ఏడు రౌండ్లలో కుర్రాళ్లని ఎంచుకుంటాయి. ఆ ఏడాది సెప్టెంబర్ 15 నాటికి 18 నిండాలి. మ్యాచ్‌కి దిగే జట్టులో ముగ్గురేసి ఫార్వర్డ్‌ల లైన్లు నాలుగు, డిఫెన్స్ జంటలు మూడు, గోలీలు (గోల్‌కీపర్లు) ఇద్దరు. మన అంకెలు ఈ మెట్లకి కొలతలు.

10 అంటే తరానికొకడు. సిడ్నీ క్రాస్బీ, కానర్ మెక్‌డేవిడ్. ఏటా ఎవరో ఒకరికి 10 ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు, దాచిపెట్టుకోండి. 9 అంటే లీగ్ మొత్తంలో పేరు వినబడేవాడు. 8 మొదటి లైన్ ఫార్వర్డ్, లేదా మొదటి జంట డిఫెన్స్‌మన్. 7 రెండో లైన్, 6 మూడో లైన్. 5 అంటే నాలుగో లైన్‌లో వస్తూ పోతూ ఉండేవాడు. అంతకు కిందైతే ఎన్‌హెచ్‌ఎల్‌కి ఒక మెట్టు దిగువనున్న ఏహెచ్‌ఎల్‌లోనే స్థిరపడేవాడు. అర మార్కులు వాడుకోండి. 7.25 వేసేవాణ్ణి మాత్రం నమ్మకండి, పదిహేడేళ్ల పిల్లాడిలో పావు మెట్టు ఎవరికీ కనబడదు.

ఇక అక్షరం. ఏ అంటే ఆ మెట్టు దాదాపు ఖాయం. బీ అంటే జారితే ఒక మెట్టు. సీ అంటే రెండు మెట్లు జారొచ్చు. డీ అంటే అందుకోవడమే కష్టం, మూడు మెట్లు జారినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, ఇక్కడి అభిమానులు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న పద్ధతే.

మరి 8-సీ మంచిదా, 6-ఏ మంచిదా? నన్నడిగితే డ్రాఫ్ట్‌లో 8-సీనే తీసుకోవాలి. మూడో లైన్ మనిషి వేసవిలో డబ్బిస్తే దొరుకుతాడు. మొదటి లైన్ వాణ్ణి ఏ జట్టూ ఊరికే వదులుకోదు. ఏడు రౌండ్లూ 6-ఏలతో నింపేసి "నమ్మకమైన కుర్రాళ్లు" అని చెప్పుకునే జట్లంటే నాకు గౌరవం లేదు.

కుర్రాళ్లని చూసి అంచనా వేసే ఎన్‌హెచ్‌ఎల్ వాళ్ల విభాగం సెంట్రల్ స్కౌటింగ్ కూడా అక్షరాలు ఇస్తుంది, వాటితో వీటిని కలపకండి. అక్కడ ఏ అంటే మొదటి రౌండ్‌లో పోయేవాడు, బీ రెండు మూడు రౌండ్లు, సీ నాలుగు అయిదు, డబ్ల్యూ ఆరు ఏడు. అది కుర్రాడు ఎన్నో రౌండ్‌లో పోవచ్చో చెబుతుంది. పాతికేళ్లకి ఎక్కడుంటాడో చెప్పదు. శరదృతువులో ఒక జాబితా, జనవరిలో ఒక ర్యాంకింగ్, ఏప్రిల్‌లో ఆఖరిది వస్తాయి. ఉత్తర అమెరికాలో ఆడేవాళ్లూ బయట ఆడేవాళ్లూ వేరు, గోలీలు వేరు, అంటే నాలుగు జాబితాలన్నమాట. ఒక దాంట్లో 5ని ఇంకోదాంట్లో 5తో పోల్చకూడదు.

మార్కు వేసేముందు మొట్టమొదట చూడాల్సింది పుట్టినరోజు. 2021–22లో పశ్చిమ కెనడా జూనియర్ లీగ్ డబ్ల్యూహెచ్‌ఎల్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు (గోల్ వేస్తే ఒకటి, గోల్‌కి పాస్ ఇచ్చినా ఒకటి) అర్ష్‌దీప్ బెయిన్స్‌వి, 112. మన పంజాబీ కుర్రాడు. అదే సీజన్‌లో, అదే లీగ్‌లో కానర్ బెడార్డ్‌కి 100. పాయింట్లే చూస్తే బెయిన్స్ ముందు. కానీ బెయిన్స్‌కి ఆ జనవరిలో 21 నిండాయి, బెడార్డ్ ఇంకా పదహారేళ్లవాడు. బెడార్డ్ 2023 డ్రాఫ్ట్‌లో మొదటివాడుగా షికాగోకి వెళ్లాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని బెయిన్స్‌తో వాంకూవర్ ఒప్పందం చేసుకుంది, 2024లో ఎన్‌హెచ్‌ఎల్ మంచు మీద కాలు పెట్టాడు. ఇరవై దాటినవాడు జూనియర్ లీగ్‌లో దంచేస్తుంటే అక్షరం కొంచెం పెంచండి, అంకె జోలికి పోవద్దు.

ఒకే డ్రాఫ్ట్‌కి మొదటిసారి వచ్చేవాళ్లలోనూ దాదాపు ఏడాది తేడా ఉండొచ్చు. ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబర్ 17న పుట్టాడు. రెండు రోజులతో 2015 డ్రాఫ్ట్ తప్పిపోయింది, ఆ ఏడాది స్విట్జర్లాండ్ వెళ్లి పెద్దవాళ్లతో ఆడి 2016లో మొదటివాడుగా వచ్చాడు. 2025లో మొదటివాడుగా పోయిన మాథ్యూ షేఫర్ 2007 సెప్టెంబర్ 5న పుట్టాడు. ఇంకో రెండు వారాలు ఆగి పుట్టుంటే తర్వాతి డ్రాఫ్ట్ వాడయ్యేవాడు. అందుకే నా నోట్‌బుక్‌లో పేరు పక్కనే పుట్టిన నెల ఉంటుంది, ఎత్తూ బరువూ ఎక్కడో చివర్లో ఉంటాయి.

రెండోది, ఎక్కడ ఆడుతున్నాడు? 2023లో మొదటి ముగ్గుర్ని తీసుకోండి. డబ్ల్యూహెచ్‌ఎల్‌లో బెడార్డ్‌కి 57 మ్యాచ్‌ల్లో 143 పాయింట్లు. స్వీడన్ పెద్దల లీగ్‌లో లియో కార్ల్‌సన్‌కి 44 మ్యాచ్‌ల్లో 25. మిషిగన్ యూనివర్సిటీకి ఆడిన ఆడమ్ ఫాంటిల్లీకి 36 మ్యాచ్‌ల్లో 65. ఆ ముగ్గురూ వరసగా 1, 2, 3. పాతిక పాయింట్లవాడు రెండో స్థానంలో ఎలా పోయాడంటే, పదిహేడు పద్దెనిమిదేళ్లకి ఆడింది ముప్పై ఏళ్ల మగాళ్ల మధ్య కాబట్టి. లీగ్‌ల మధ్య తూకం వేయడానికి లెక్కలున్నాయి. ఒక లీగ్ నుంచి ఎన్‌హెచ్‌ఎల్‌కి మారినవాళ్లందరి పాయింట్లు మారకముందు ఎన్ని, మారాక ఎన్ని అని చూసి ఒక గుణకం తీస్తారు. ఒక్కో విశ్లేషకుడి గుణకం ఒక్కోలా ఉంటుంది. ఏదో ఒకటి పట్టుకుని అందరికీ అదే వాడండి, మీకు నచ్చిన కుర్రాడి కోసం మార్చకండి. దానికంటే ముఖ్యం, పవర్‌ప్లేలో, అంటే శిక్ష పడి అవతలి జట్టులో ఒకడు తగ్గినప్పుడు వచ్చిన పాయింట్లని పక్కన పెట్టి అయిదుగురికి అయిదుగురు ఆడుతున్నప్పుడు వచ్చినవి వేరుగా లెక్కపెట్టడం.

ఇప్పుడు రింకుకి వెళ్దాం. అసలు పని ఇక్కడే. మిసిసాగా స్టీల్‌హెడ్స్ జట్టు 2024లో బ్రాంప్టన్‌కి మారినప్పటి నుంచి నాకు రింకు పక్కనే అయింది. నేను రాత్రి షిఫ్ట్‌లో ట్రక్కులు పంపే పని చేస్తాను కాబట్టి ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్‌లే నాకు కుదురుతాయి. అదీ మంచిదే. ఇక్కడి జూనియర్ లీగ్ ఓహెచ్‌ఎల్‌లో జట్లు చాలాసార్లు శుక్ర, శని, ఆదివారాలు వరసగా ఆడతాయి. మూడో రోజు కాళ్లు బరువెక్కాక కుర్రాడు ఏం చేస్తాడో చూడండి, శుక్రవారం రాత్రి గోల్స్ కన్నా అది ఎక్కువ చెబుతుంది.

ఒక మ్యాచ్‌కి ఒక్కణ్ణే చూడండి. పక్ (బంతికి బదులు వాడే బిళ్ల) ఎటు పోతోందో మర్చిపోండి. బాగా ఆడించే కుర్రాడు ఇరవై నిమిషాలు మంచు మీదుంటే పక్ వాడి కర్రకి తగిలి ఉండేది ఒకటి రెండు నిమిషాలే. మిగతా టైమంతా ఏం చేస్తున్నాడు? పక్ తన దగ్గరికి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడా? ఎన్నిసార్లు చూశాడో గీతలు పెట్టండి. పక్ పోగొట్టుకున్నాక మొదటి మూడు అడుగులు గట్టిగా వేస్తున్నాడా, లేక రిఫరీ వైపు చూసి చేతులు చాస్తున్నాడా? స్కేటింగ్ అంటే తిన్నగా దూసుకుపోవడం ఒక్కటే కాదు. ఆగి, తిరిగి, మళ్లీ వేగం అందుకోడానికి ఎంతసేపు పడుతోందో చూడండి. జూనియర్‌లో ఖాళీ చోటు దొరుకుతుంది. పైకి వెళ్లేకొద్దీ అది మూసుకుపోతుంది. అందుకే ఒంటరిగా ముగ్గుర్ని దాటి వేసిన గోల్‌కి నేను చప్పట్లు కొడతాను గానీ మార్కులు వేయను. ఆ ముగ్గురూ నాలుగేళ్ల తర్వాత అలా దారివ్వరు.

మా స్నేహితుడి కొడుకు ఒకోసారి నాతో వస్తాడు, వాడికి పద్నాలుగేళ్లు. "బాబాయ్, ఆ పొట్టోడు సరిపోతాడా?" అంటాడు. సరిపోతాడ్రా. జానీ గాడ్రో 2011 డ్రాఫ్ట్‌లో 104వ వాడు, బ్రేడెన్ పాయింట్ 2014లో 79వ వాడు. ఇద్దరూ పొట్టివాళ్లే, ఇద్దరూ ముందు వరస ఆటగాళ్లయ్యారు. పొట్టివాడికి అక్షరం ఒకటి తగ్గించొచ్చు, అంకె తగ్గిస్తే మాత్రం అన్యాయం. శరీర పరీక్షల సంగతీ అంతే. 2014 పరీక్షల్లో శామ్ బెన్నెట్ ఒక్క పుల్-అప్ కూడా తీయలేకపోయాడని ఇక్కడ నవ్విందే నవ్వు. అయినా కాల్గరీ నాలుగో వాడుగా తీసుకుంది. 2025లో ఫ్లోరిడా ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ అతనిదే. పదిహేడేళ్ల భుజాలు గట్టిపడతాయి. వెనక్కి చూసే అలవాటు లేనివాడికి అది తర్వాత అబ్బడం నేను అరుదుగా చూశాను.

మా స్నేహితుడి కొడుకు తనకెంత వేస్తానని కూడా అడుగుతుంటాడు. పదహారు నిండనివాళ్లకి నా దగ్గర మార్కులు లేవు.

గోలీల విషయంలో నా నియమం ఒక్కటే, డ్రాఫ్ట్ నాటికి ఎవరికీ సీ దాటనివ్వను. కానర్ హెలెబక్ 2012లో 130వ వాడు. 2025లో లీగ్ మొత్తంలో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. ఆ 2012లో మొదటివాడు నైల్ యాకుపోవ్, అతను ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలవలేదు.

ప్రతి మార్కు పక్కన తేదీ రాయండి. పాతది కొట్టేయకుండా కొత్తది కిందనే రాయండి. ఆగస్టులో 18 లోపు వాళ్ల హ్లింకా గ్రెట్జ్‌కీ కప్, డిసెంబర్ చివర్లో 20 లోపు వాళ్ల ప్రపంచ పోటీ, ఏప్రిల్‌లో 18 లోపు వాళ్ల ప్రపంచ పోటీ, వీటి తర్వాత తిరగేస్తే చాలు. ఒక్క టోర్నీకి అర మార్కు కంటే ఎక్కువ కదపకండి. దెబ్బ తగిలితే మొత్తం సీజన్ పోయిందనుకోకండి. షేఫర్ ప్రపంచ పోటీలో కాలర్ ఎముక విరిగి ఆ సీజన్ ఓహెచ్‌ఎల్‌లో 17 మ్యాచ్‌లే ఆడాడు, అయినా 2025లో న్యూయార్క్ ఐలాండర్స్ జట్టు మొదటివాడుగా తీసుకుంది. ఆ 17 మ్యాచ్‌ల్లో చూడాల్సింది కనబడింది.

డ్రాఫ్ట్ అయ్యాక కూడా పుస్తకం మూయొద్దు. ఏళ్లు గడిచేకొద్దీ ముందు అక్షరాన్ని కదపండి, అది డీకి దిగాకే అంకె తగ్గించండి. ఫార్వర్డ్‌లకి 23 దాకా, డిఫెన్స్‌మన్‌లకి ఇంకో ఏడాది, గోలీలకి 26 దాకా నేను పేజీ తెరిచే ఉంచుతాను.