దేవభక్తికి సాధకం: పరుగుపందెగాడి దగ్గర నేర్చుకోవలసినది

అపొస్తలుడైన పౌలు ఏడాదిన్నర గడిపిన గ్రీకు పట్టణం కొరింథుకు దగ్గరలోనే రెండేళ్లకొకసారి ఇస్త్మియన్ క్రీడలు జరిగేవి; గెలిచినవానికి దక్కేది వాడిపోయే ఆకుల కిరీటం. కాబట్టి ‘పందెమందు పోరాడు ప్రతివాడు అన్ని విషయములయందు మితముగా ఉండును’ అని పౌలు కొరింథు సంఘానికి రాసిన మాటను అక్కడివారికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయి ఉంటుంది. తిమోతికి రాసిన మొదటి పత్రికలో మన బైబిలు ‘సాధకము’ అన్నచోట ఉన్న గ్రీకు మాట కూడా వ్యాయామశాలదే. ఇవాళ చేతకానిది కొన్ని నెలలకు చేతనయ్యేలా, చేయగలిగినంత రోజూ చేయడమే సాధకం.

డిసెంబరు 31 రాత్రి జరిగే వాచ్ నైట్ ఆరాధనలో బైబిలంతా చదువుతామని తీర్మానించుకుని, మూడో పుస్తకమైన లేవీయకాండంలోనే ఆగిపోయినవారు ప్రతి సంఘంలోనూ ఉంటారు. నేను రెండుసార్లు ఆగాను. లోపం భక్తిలో కాదు, మొదలుపెట్టిన తీరులో ఉంది. ఎన్నడూ పరుగెత్తనివానితో కోచ్ మొదటి రోజే 10 కిలోమీటర్లు పరుగెత్తించడు. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టిస్తాడు. మీరూ మార్కు సువార్తతో, రోజుకొక అధ్యాయం చొప్పున 16 రోజులు చదవండి. చదివాక ఐదు నిమిషాలు ప్రార్థించి, ఇంకా ఉత్సాహం మిగిలి ఉన్నా లేచిపోండి. పరుగెత్తేవాడు రాత్రే బూట్లు గుమ్మం దగ్గర పెట్టుకున్నట్టు, చదవవలసిన పేజీ తెరిచి, దానిమీద కళ్లద్దాలు పెట్టి, ఫోన్‌ను వేరే గదిలో ఉంచి పడుకోండి.

ఇది అలవాటయ్యాక భారం పెంచవచ్చు. 119వ కీర్తనలో ఎనిమిదేసి వచనాల భాగాలు 22 ఉన్నాయి. వారానికొకటి కంఠస్థం చేయడం మంచి మెట్టు. ఉపవాసాన్ని మాత్రం ఒక పూటతోనే ప్రారంభించండి. పక్కింటివారు 40 రోజులు చేశారన్నది మీకు లెక్క కాకూడదు. షుగరుకు మందులు వాడేవారు ముందుగా డాక్టరును అడగాలి.

1924 పారిస్ ఒలింపిక్స్‌లో స్కాట్లాండు పరుగువీరుడు ఎరిక్ లిడెల్ 100 మీటర్ల హీట్స్ (తొలి దశ పోటీలు) ప్రభువు దినమైన ఆదివారం వచ్చాయని ఆ పందెం నుంచి తప్పుకుని, 400 మీటర్లలో 47.6 సెకన్లతో స్వర్ణం గెలిచిన సంగతిని ప్రసంగాలలో తరచు వింటాం. అయితే ఆ పట్టిక ఆయనకు కొన్ని నెలల ముందే తెలుసుననీ, ఆ నెలలలో ఆయన 400 మీటర్లకు సాధన చేశాడనీ చెప్పేవారు తక్కువ. నాకు ఆ కథలో అసలు విషయం అదే. శోధన ఎదురైన గంటలో కొత్త బలం వెదుక్కోవడం కాదు, అప్పటికే కూడబెట్టుకున్నది ఆ గంటలో పనికివస్తుంది.

విశ్రాంతి కూడా శిక్షణలో భాగమే. శ్రమించిన కండరం కోలుకునే వేళలోనే బలపడుతుంది. ఆదివారాన్ని సంఘం పనులతో కిక్కిరిసిన రోజుగా మార్చుకున్నవారు ఈ మాటను కొంచెం ఆలోచించాలి.

ఈ పోలిక ఒకచోట ఆగిపోతుంది: కిరీటం ఆటగాడు సంపాదించుకునేది, రక్షణ కృపచేత దొరికేది. అందుచేత ఒక రోజు తప్పిపోతే దేవుడు దూరమయ్యాడని కుంగిపోకండి, మర్నాడు రెండింతలు చదివి బాకీ తీర్చాలని చూడకండి. గాయపడిన ఆటగాళ్లలో చాలామంది చేసే పొరపాటు అదే. ఆగిన అధ్యాయం నుంచే, అదే వేళకు చదవండి.