లేత్ మిషన్ లారీలో కదలకుండా కట్టడం ఎలా?

లేత్ అంటే ఇనుప ముక్కని తిప్పుతూ చెక్కే మిషన్. "రెండు టన్నుల మిషన్ ఎక్కడికి పోతుందిలే" అని పైనుంచి ఒక నైలాన్ తాడు వేసి లారీ పంపించేస్తారు. బాలానగర్‌లో ఎక్కించింది విజయవాడ ఆటోనగర్‌లో దిగేసరికి లీడ్‌స్క్రూ, అంటే మిషన్ పొడవునా ఉండే మరల కడ్డీ, వంగి ఉంటుంది. ఎన్నిసార్లు చూశానో.

ముందు పనులు సులువే. కూలెంట్ (చల్లబరిచే ద్రవం) తీసేయండి, చక్ (ముక్కని పట్టి తిప్పే భాగం) విప్పండి, బెడ్‌కి (అన్నీ కూర్చునే పొడవాటి దిమ్మ) గ్రీజు పూయండి. బరువంతా హెడ్‌స్టాక్ (గేర్లు ఉండే చివర) వైపే ఉంటుంది కాబట్టి క్యారేజ్ (టూల్‌ని మోసుకుని జరిగే భాగం), టెయిల్‌స్టాక్ (ముక్క రెండో కొసని ఆనించే భాగం) రెండో చివరకు జరిపి లాక్ చేయండి. హైడ్రా క్రేన్‌తో అంగుళం లేపి, వాలడం లేదని చూశాకే పైకెత్తాలి. లారీలో హెడ్‌స్టాక్ క్యాబిన్ వైపే ఉండాలి, కింద చెక్క దుంగలు, వాటి పైనా కిందా రబ్బరు షీటు. ఇనుము మీద ఇనుము పెడితే జారుతుంది.

ఇక అసలు పని, కట్టడం. సడన్ బ్రేక్ వేస్తే సరుకు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు తోస్తుందని యూరప్ లెక్క, అంటే రెండు టన్నుల మిషన్‌కి 1.6 టన్నులు. పైనుంచి వేసిన ఒక్క తాడు దాన్ని ఆపలేదు. నాలుగు మూలల నుంచి నాలుగు రాచెట్ బెల్టులు (మీట ఆడించి బిగించే పట్టీలు) కావాలి, రెండు ముందుకి, రెండు వెనక్కి లాగేలా. లేత్ సన్నగా, ఎత్తుగా ఉంటుంది, మలుపులో పక్కకి ఒరుగుతుంది. అందుకే బెల్టు కాళ్లకి కాదు, బెడ్‌కి పట్టాలి. కాళ్లు పోత ఇనుము, సాగదు, విరుగుతుంది. లీడ్‌స్క్రూ, దాని పక్కనే ఉండే ఫీడ్‌రాడ్ అనే కడ్డీ మీదుగా మాత్రం బెల్టు పోనివ్వకండి. ఒకసారి నేను లేనప్పుడు అలాగే కట్టారు, ఆ రాడ్‌ని సరిచేయడానికి పడ్డ అవస్థ నాకే తెలుసు.

బెడ్ అంచు తగిలే ప్రతిచోటా పాత టైరు ముక్క పెట్టండి, లేదంటే స్పీడ్ బ్రేకర్ల దెబ్బకి బెల్టు కొద్దికొద్దిగా కోసుకుపోతుంది. ఒకే బెల్టు పూర్తిగా బిగించవద్దు, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి. చైన్ పుల్లీతో (గొలుసు కప్పీ) కట్టేవాళ్లూ ఉన్నారు, నాకది నచ్చదు, ఎంత బిగిసిందో చేతికి తెలియదు.

పది, పదిహేను కిలోమీటర్లు వెళ్లాక లారీ ఆపించండి. చెక్కలు నొక్కుకుని బెల్టులు తప్పకుండా వదులవుతాయి, వేలితో కొడితే బెల్టు లటలటలాడుతుంది, మళ్లీ బిగించండి. దించేచోట హైడ్రా బరువు పట్టుకున్నాకే బెల్టులు విప్పండి, అప్పుడూ మిషన్ ఒరిగే పక్కన మనిషి ఉండకూడదు.