దివ్యాంగులకు ఉద్యోగాలు ఇవ్వాలంటే సంస్థలో ఏమేం మార్చాలి, ఏ వరుసలో మార్చాలి?

దివ్యాంగులను తీసుకుందామని నిర్ణయించుకున్న సంస్థ సాధారణంగా రెండు పనులు చేస్తుంది. గుమ్మం దగ్గర ర్యాంప్ కట్టిస్తుంది, ఉద్యోగ ప్రకటన చివర ‘దివ్యాంగులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు’ అని రాస్తుంది. అవి రెండూ అవసరమే, కానీ మనుషులు ఉద్యోగం మానేసేది వేరే చోట. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అడిగితే మూడు నెలలకు వస్తుంది. హాజరు యంత్రం వేలిముద్రను గుర్తించదు. మేనేజర్ మారగానే పాత ఒప్పందాలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. అందుకే కింది పనుల్లో ఆరోదాన్ని మిగతావాటికన్నా జాగ్రత్తగా చదవండి.

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒడంబడిక 27వ అధికరణం పని హక్కు గురించి చెబుతుంది. సహేతుకమైన సర్దుబాటును, అంటే ఆ వ్యక్తికి అవసరమై, సంస్థకు మోయలేని భారం కాని మార్పును, నిరాకరించడం కూడా వివక్షేనని అదే ఒడంబడిక నిర్వచించింది. కాబట్టి ఇక్కడ చెప్పేవేవీ దయతో చేసే పనులు కావు.

1. ముందు ఉద్యోగాన్ని విడదీసి చూడండి

ఒక కాగితం మీద ఆ ఉద్యోగంలో రోజూ జరిగే పనులన్నీ రాయండి. ఒక్కోదాని పక్కన ‘ఇది జరగకపోతే ఈ ఉద్యోగమే లేదా?’ అని ప్రశ్న వేసుకోండి. లేదనిపించినవే అసలు పనులు. మిగతావి అలవాటుగా చేరినవి, వాటిని మరొకరికి ఇవ్వవచ్చు.

‘డ్రైవింగ్ లైసెన్స్ ఉండాలి’ అని రాస్తారు. నిజానికి కావలసింది క్లయింట్ దగ్గరికి వెళ్లిరావడం, అది టాక్సీలో వెళ్లినా జరుగుతుంది. ‘ఫోన్‌లో బాగా మాట్లాడాలి’ అని అకౌంట్స్ ఉద్యోగానికీ రాస్తారు. అక్కడ నెలకు నాలుగు కాల్స్ వస్తాయనుకుందాం. ఆ నాలుగూ పక్క సీటువారు మాట్లాడితే చాలు, వినికిడి లేని మంచి అకౌంటెంట్‌ను వదులుకోనక్కర్లేదు. పని ఎలా చేయాలో రాయకుండా, ఏ ఫలితం కావాలో రాయండి.

ఈ వైకల్యానికి ఈ పోస్టు అని ముందే జాబితా కట్టుకోవడం మానేయండి. చూపు లేనివారందరినీ టెలిఫోన్ దగ్గర, వినికిడి లేనివారందరినీ ప్యాకింగ్‌లో పెట్టే పద్ధతి వల్ల చదువుకున్నవాళ్ల నైపుణ్యాలు ఏళ్ల తరబడి వృథా అయ్యాయి.

2. ప్రకటన, దరఖాస్తు

ప్రకటనను బొమ్మగా పెట్టకండి. బొమ్మలోని అక్షరాలను స్క్రీన్ రీడర్ నమ్మకంగా చదవలేదు. అదే విషయాన్ని మామూలు టెక్స్ట్‌గా కూడా ఇవ్వండి. ఇంటర్వ్యూకు ఏ ఏర్పాటు కావాలన్నా ఎవరిని అడగాలో ఒక ఫోన్ నంబరు, ఒక ఈమెయిల్ రెండూ రాయండి. ఒక్క ఫోన్ నంబరే ఉంటే వినలేనివారు అక్కడే ఆగిపోతారు.

ఆన్‌లైన్ ఫారం తయారయ్యాక మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్ కీలతోనే దాన్ని మొదటి నుంచి చివరి దాకా నింపి చూడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే చాలామంది అభ్యర్థులు కూడా ఆగిపోతున్నారు. బొమ్మలు గుర్తుపట్టమనే క్యాప్చా, పది నిమిషాలకు లాగౌట్ చేసే టైమర్ మామూలుగా కనిపించే అడ్డంకులు.

3. ఇంటర్వ్యూ

ఏర్పాట్ల గురించి అభ్యర్థులందరినీ ఒకేలా అడగండి: ‘ఇంటర్వ్యూలో, పరీక్షలో మీకు ఏమైనా ఏర్పాటు కావాలా?’ కనబడే వైకల్యం ఉన్నవారిని మాత్రమే అడిగితే డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది), ఆటిజం, మానసిక అనారోగ్యం ఉన్నవారు చెప్పుకునే వీలుండదు.

‘ఎప్పటి నుంచి ఇలా ఉంది?’, ‘మందులు వాడతారా?’, ‘ఇంట్లో ఎవరు చూసుకుంటారు?’ లాంటి ప్రశ్నలు వద్దు. ‘ఈ పనిలో రోజుకు ఇన్నిసార్లు ఇది చేయాలి, మీరు ఎలా చేస్తారు? మా నుంచి ఏం కావాలి?’ అని అడగండి. ఆ పనిని తమదైన పద్ధతిలో ఏళ్లుగా చేస్తున్నవారు సూటిగా జవాబిస్తారు.

సంజ్ఞా భాష అనువాదకులు ఉంటే అభ్యర్థి ముఖం చూసి మాట్లాడండి, అనువాదకుల వైపు తిరిగి ‘ఈయన్ని అడగండి’ అనకండి. ఎక్కువసేపు సాగే సమావేశాలకు ఇద్దరు అనువాదకులు కావాలి. ఇరవై ముప్పై నిమిషాలకొకసారి వాళ్లు మారకపోతే అలసటతో అనువాదం తప్పుతుంది. మీ రంగంలో వాడే ప్రత్యేక పదాలను ముందురోజే వారికి పంపండి. చూపు లేని అభ్యర్థి వస్తే గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ పేరు చెప్పుకోవాలి. ఆటిజం ఉన్నవారిని మాటల్లోని చురుకుదనంతో తూచితే అన్యాయం జరుగుతుంది. ప్రశ్నలు ముందుగా పంపడం, లేదా గంటసేపు అసలు పనే చేయించి చూడడం ఎక్కువ నిజం చెబుతుంది.

4. గేటు నుంచి కుర్చీ దాకా దారి

టేప్ పట్టుకుని బస్సు దిగే చోటు నుంచి సీటు, అక్కడి నుంచి టాయిలెట్, క్యాంటీన్, మీటింగ్ గది దాకా నడవండి. మధ్యలో ఒక్క మెట్టు ఉన్నా వీల్‌చైర్ అక్కడితో ఆగుతుంది.

ర్యాంప్ వాలు 1:12 కన్నా నిటారుగా ఉండకూడదు. 15 సెం.మీ. మెట్టుకు 180 సెం.మీ. పొడవు కావాలి. మూడు మెట్లకు, అంటే 45 సెం.మీ.కు, 5.4 మీటర్లు. స్థలం లేదని రెండు మీటర్లలో కట్టే ర్యాంప్‌ను ఎవరూ ఒంటరిగా ఎక్కలేరు, దిగేటప్పుడు అది ప్రమాదం కూడా. రెండు చివర్లా 150 సెం.మీ. చదునైన చోటు, రెండు వైపులా చేతి పట్టీ పెట్టించండి. నున్నటి టైల్స్ వేయించవద్దు.

తలుపు వెడల్పును చౌకట్టు నుంచి చౌకట్టుకు కొలవకండి. తెరిచిన తలుపుకూ ఎదుటి చౌకట్టుకూ మధ్య మిగిలిన ఖాళీయే లెక్క. అది 90 సెం.మీ. ఉంటే మంచిది, 80కి తగ్గకూడదు. వీల్‌చైర్ తిప్పుకోవడానికి 150 సెం.మీ. వ్యాసం ఉన్న ఖాళీ చోటు కావాలి. బల్ల కింద మోకాళ్లు పట్టేలా దాదాపు 70 సెం.మీ. ఎత్తు ఉంచండి. స్విచ్చులు నేల నుంచి 120 సెం.మీ. లోపు ఉండాలి.

టాయిలెట్ తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపును తీయలేం. కమోడ్‌కు ఒక పక్క వీల్‌చైర్ ఆనేంత ఖాళీ, పట్టుకోవడానికి కడ్డీలు ఉండాలి. అలారం తాడు నేల దాకా వేలాడాలి, శుభ్రం చేసేవారు అడ్డొస్తుందని పైకి ముడివేస్తే కింద పడ్డ మనిషికి అందదు. ఈ గదిని చీపుళ్లు, పాత అట్టపెట్టెలు దాచడానికి వాడనివ్వకండి. చాలా ఆఫీసుల్లో అదే జరుగుతుంది.

5. కంప్యూటర్, హాజరు, లోపలి సాఫ్ట్‌వేర్

విండోస్‌లో వాడే ఎన్‌వీడీఏ ఉచిత స్క్రీన్ రీడర్. అలాంటిదే అయిన జాస్‌కు లైసెన్స్ కొనాలి. ఏది కావాలో వాడేవారే చెప్పాలి, ఉచితమని ఒకదాన్ని అంటగట్టకండి. రీడర్ పెట్టినంత మాత్రాన పని జరగదు. సెలవుల యాప్‌లోని బటన్లకు పేర్లు లేకపోతే అది ‘బటన్, బటన్’ అని మాత్రమే చదువుతుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ దానికి అక్షరాల్లేని బొమ్మ. కొత్త సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు దివ్యాంగులు కూడా వాడగలిగేలా వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీలోని ఏఏ స్థాయి ఉండాలని ఒప్పందంలోనే రాయించండి. ఆ ప్రమాణం ప్రకారం మామూలు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి. కొన్నాక సరిచేయించడం చాలా ఖరీదు.

వేలిముద్ర, కనుపాప, కళ్లార్పమనే ముఖ గుర్తింపు ఒక్కోటీ కొందరికి పనిచేయదు. కార్డు లేదా పిన్ మార్గం కూడా ఉంచండి. రోజూ హాజరు కోసం సెక్యూరిటీని బతిమాలాల్సి రావడం చిన్న విషయం కాదు. శిక్షణ వీడియోలకు, ఆన్‌లైన్ మీటింగ్‌లకు క్యాప్షన్లు పెట్టండి.

6. మార్పు అడిగే పద్ధతి

ఇది సరిగా ఉంటే మిగతా లోపాలు ఒక్కొక్కటిగా సర్దుకుంటాయి.

అడగాల్సిన మనిషి పేరు అందరికీ తెలియాలి. ఫారం నింపక్కర్లేకుండా నోటితో అడిగినా, మెసేజ్ పెట్టినా అడిగినట్టే. రెండు పనిదినాల్లో ‘అందింది’ అని జవాబు, పది పనిదినాల్లో నిర్ణయం అనే గడువు పెట్టుకోండి. కాదనాల్సి వస్తే కారణం రాతలో ఇచ్చి, బదులుగా ఏం చేయగలరో చెప్పండి.

డబ్బు టీమ్ బడ్జెట్ నుంచి కాకుండా సంస్థ కేంద్ర నిధి నుంచి రావాలి. టీమ్ ఖర్చుగా చూపిస్తే, ఇద్దరు సమాన అభ్యర్థుల్లో ఏర్పాటు అక్కర్లేనివారి వైపు మేనేజర్ మనసు మొగ్గుతుంది. చిన్న మొత్తాలకు మేనేజర్ మాటే ఆమోదంగా సరిపోయేలా ఒక పరిమితి నిర్ణయించండి.

అడిగేవాటిలో చాలావాటికి పెద్ద ఖర్చే ఉండదు. సీటు కిటికీ పక్కకు మార్చడం, మిణుకుమిణుకుమనే ట్యూబ్‌లైట్ తీసేయడం, ఆదేశాలు రాతలో ఇవ్వడం, మందుల మగత వల్ల ఉదయం గంట ఆలస్యంగా రావడం లాంటివే. ఇలాంటివాటికి డాక్టర్ సర్టిఫికెట్ అడగకండి.

ఇచ్చిన ఏర్పాటును నాలుగు వారాలకు, తర్వాత ఆరు నెలలకోసారి కలిసి చూడండి. ఒప్పుకున్నవన్నీ ఒక పేజీలో రాసి ఉద్యోగి దగ్గరే ఒక కాపీ ఉంచండి. మేనేజర్ మారితే ఆ పేజీ చూపిస్తే చాలు, తన కథంతా మళ్లీ చెప్పుకోవాల్సిన పనిలేదు. అందులో జబ్బు వివరాలు ఉండకూడదు, కావలసిన ఏర్పాట్లు మాత్రమే ఉండాలి.

ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. స్క్రీన్ రీడర్ రెండు నెలలు ఆలస్యంగా వచ్చిందనుకోండి. ప్రొబేషన్‌ను అది వచ్చిన రోజు నుంచి లెక్కించాలి. పనిముట్టు ఇవ్వకుండా పని తక్కువైందని రాయడం అన్యాయం.

7. తోటి ఉద్యోగులు

కొత్త ఉద్యోగి రాకముందు టీమ్‌కు ఏం చెప్పాలో ఆ వ్యక్తినే అడగండి. వద్దంటే చెప్పకండి. టీమ్‌కు నేర్పాల్సినవి తక్కువ: వీల్‌చైర్‌ను అడగకుండా తోయకూడదు, చూపు లేనివారి చేయి పట్టి లాగకుండా మన మోచేయి అందించాలి, మీటింగ్‌లో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. ‘స్ఫూర్తిదాయకం’ అంటూ ఉద్యోగి ఫొటోలు సంస్థ పేజీల్లో పెట్టకండి. వాళ్లు పనికి వచ్చారు.

8. ప్రమాద సమయం

మంటలు చెలరేగితే లిఫ్ట్ వాడకూడదు. పై అంతస్తులో వీల్‌చైర్ వాడేవారు ఉంటే, వారితో కూర్చుని దిగే దారిని రాసుకోండి. మనిషిని కూర్చోబెట్టి మెట్ల మీదుగా కిందికి దించే ఎవాక్యుయేషన్ చైర్ ఒకటి కొనండి, ప్రతి షిఫ్టులో కనీసం ఇద్దరికి దాని వాడకం నేర్పించండి. ఒక్కరికే నేర్పితే ఆయన సెలవు పెట్టిన రోజు ఎవరూ ఉండరు. వినలేనివారికి అలారంతో పాటు మెరిసే లైటు కావాలి, టాయిలెట్‌లో కూడా. డ్రిల్ రోజున వీళ్లను ‘మీరు కూర్చోండి’ అని వదిలేస్తే, ఆ ప్రణాళిక పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు.

9. ప్రమోషన్

ఏడాదికోసారి ఎవరు ఏ స్థాయిలో ఎన్నేళ్లుగా ఉన్నారో చూడండి. దివ్యాంగులైన ఉద్యోగులు చేరిన పోస్టులోనే ఆగిపోతుంటే, ముందుగా శిక్షణలకు ఎవరిని పంపుతున్నారో గమనించండి. శిక్షణ జరిగే చోటికి మెట్లుంటాయని, ప్రయాణం కష్టమని వాళ్లను అడగకుండానే పేరు తీసేస్తుంటారు. పేరు ఉంచండి, శిక్షణ చోటు మార్చండి. మానేసి వెళ్లేవారితో చివరి సంభాషణలో ‘అడిగినవాటిలో ఏది అందలేదు?’ అని అడిగి, ఆ జవాబును ఏర్పాట్ల బాధ్యత చూసేవారికి అదే వారం అందించండి.