తపస్సుకాలంలో శోధన ఏ వేళకు వస్తుందో ముందే తెలుసుకోండి

ఈస్టరుకు ముందు కతోలిక క్రైస్తవులు ఉపవాస ప్రార్థనలతో గడిపే తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకొని ఇంటికి వచ్చేటప్పుడు మనసు ఎంతో గట్టిగా ఉంటుంది. ఆ గట్టితనాన్నే నమ్ముకోవద్దన్నది నా మొదటి మనవి. ప్రభువు అరణ్యంలో నలభై పగళ్లు, నలభై రాత్రులు ఉపవాసం ఉండి ఆకలిగొన్న తరువాతనే శోధకుడైన సాతాను దగ్గరకు వచ్చి రాళ్లను రొట్టెలు చేసుకొమ్మన్నాడని మత్తయి సువార్త నాలుగో అధ్యాయం చెబుతోంది. ఆదివారాలతో కలిపి ఈస్టరు ముందు దాకా 46 రోజులుండే ఈ కాలంలో మనకు కూడా గండం మొదటి వారంలో కాక, ఒళ్లు అలసి ఉత్సాహం సన్నగిల్లిన మూడు, నాలుగు వారాల్లో, అందులోనూ సాయంత్రం పూట ఎదురవుతుంది.

ఒక శుక్రవారం పగలంతా ఒక్కపొద్దు ఉండి, ప్రభువు సిలువ మోసిన దారిని పద్నాలుగు స్థలాలుగా ధ్యానించే సిలువమార్గం ప్రార్థనకు ఆలస్యమవుతోందన్న తొందరలో ఉండగా, మా అబ్బాయి మజ్జిగ గ్లాసు ఒలకబోశాడు. నేను చెయ్యి చేసుకున్నాను. గుడిలో మొదటి స్థలం దగ్గర మోకరించినప్పుడు, పక్కనే మోకరించిన వాడి చెంప మీద నా వేళ్ల గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆ రోజు నేను అన్నం మానగలిగాను గాని కోపం మానలేకపోయాను. అప్పటినుంచి, తిరుసభ, అంటే మన కతోలిక సంఘం, ఒక్కపొద్దులో అనుమతించిన కొద్దిపాటి ఆహారాన్ని సాయంత్రం ఇంటికి రాగానే తీసుకొని, ఒక అరగంట ఎవరితోనూ లెక్కలు, తగవులు మాట్లాడకుండా కూర్చుంటున్నాను.

శరీరం విషయంలో మొండితనం వద్దు. ఒక్కపొద్దు తప్పనిసరి అయినది విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం మాత్రమే. అది కూడా 18 ఏళ్లు నిండినవారికి, 59 నిండేవరకే. షుగరు మందులు వాడేవారు, గర్భిణులు, బాలింతలు, ఎండలో మిరపకోతలకు వెళ్లేవారు పస్తులుండి ప్రాణం మీదికి తెచ్చుకోవలసిన పని లేదు. రోజూ ఎక్కువగా మద్యం తాగే అలవాటున్నవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ రావచ్చు, ప్రాణాపాయం కూడా కలగవచ్చు కాబట్టి, మానాలన్న మంచి నిర్ణయాన్ని డాక్టరుతో చెప్పి, ఆయన సలహా ప్రకారమే అమలు చేయాలి.

మాంసం మానవలసిన శుద్ధభోజనం నాడు, రొయ్యలు మాంసం కింద లెక్కకు రావన్న ధైర్యంతో కిలో రొయ్యలు తెచ్చి విందు చేసుకుంటే నియమం నిలుస్తుందేమో గాని తపస్సు నిలవదు. ఈ రోజుల్లోనే బంధువుల పెళ్లిళ్లు వస్తాయి; ఒక్క గుక్కే కదా అని బలవంతపెట్టేవారికి అక్కడ జవాబు వెతుక్కోవడం కష్టం గనుక, మీ నిర్ణయాన్ని పెళ్లివారికి ముందే ఫోనులో చెప్పి, అక్షింతలు వేసి, భోజనం కాగానే బయలుదేరండి. రాత్రి ఫోనును పడకగదిలోకి తీసుకువెళ్లకండి.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసింది తప్పిపోయిన మరుసటి గంటలో. శోధకుడు ప్రభువుతో బైబిలులోని 91వ కీర్తన వచనాలనే ఎత్తి మాట్లాడాడు. మనతో కూడా దేవుడు దయామయుడు కదా, ఎలాగూ వ్రతం చెడింది, ఈస్టరు తరువాత చూసుకుందాం అని భక్తి మాటలతోనే మాట్లాడతాడు. ఆ ఒక్క రోజు పాపాన్ని మిగిలిన రోజులన్నిటికీ పాకనివ్వకుండా, ఆ వారంలోనే గురువు దగ్గర పాపాలు ఒప్పుకొనే పాపసంకీర్తనం చేసి, మరునాటి ఉదయం ప్రార్థనతో మళ్లీ మొదలుపెట్టండి.

మానుకున్న వాటివల్ల మిగిలిన డబ్బును ఏ రోజుది ఆ రోజే ఒక డబ్బాలో వేసి, పవిత్ర గురువారం నాటికే పేదల కోసం మీ గుడి బాధ్యత చూసే విచారణ గురువులకు అప్పగించండి. పండుగ దాకా ఇంట్లో ఉంచితే అది కొత్త బట్టల ఖర్చులో కలిసిపోతుంది.